మైసూరుపాకు వెనక మాయాబజార్!

ట్రంకు పెట్టె తెరవగానే ముందు కలరా ఉండల వాసన. దాని వెనకే పాత కాగితం వాసన.

తెనాలిలో ఓ పెంకుటిల్లు. 2024 వేసవిలో అమ్మేశారు. విజయవాడలో అపార్టుమెంటుకి మారుతున్నారు. సామాన్లు సర్దే హడావుడిలో అటక మీంచి దిగిందా పెట్టె. పైన పాత పట్టుచీర, మధ్యలో రెండు ఇత్తడి గిద్దలు, అడుగున బిస్కట్ల రేకు డబ్బా. డబ్బా నిండా... పేపరు కటింగులు!

‘‘పాత పేపర్లవాడు వాకిట్లోనే ఉన్నాడు. తూకానికి వేసేద్దాం’’ అన్నారు కొడుకు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారాయన. కొత్త ఇంట్లో ప్రతి అడుగుకీ లెక్కుంది మరి!

‘‘ఉండండి, ఒక్కసారి చూసిస్తాను’’ అంది కోడలు.

ఆ ఒక్కసారి చూడటం మూడు నెలలైనా పూర్తి కాలేదు.

డబ్బా సొంతదారు ఆ ఇంటి పెద్దావిడ. 84 ఏళ్ళు. ఎనిమిదో తరగతి దాకా చదువుకుని, 17వ ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చారు. భర్త ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. స్కూలుకి వచ్చే పేపర్ని మర్నాడు ఇంటికి తెచ్చేవారట. అంటే ఆ ఇంట్లో వార్త ఎప్పుడూ ఓ రోజు ఆలస్యం. మేష్టారు చదివాక, అల్మారా అరల్లో పరవకముందే, కత్తెరతో ఈవిడ హాజరు! ఇప్పుడు చూపు ఆనదు. కోడలు ఒక్కొక్కటీ తీసి చదువుతుంటే వింటూ సవరిస్తారు. మొత్తం నూట ముప్పై దాకా ఉన్నాయి. చాలావాటి మీద తేదీ లేదు. తేదీ ఉండేచోటు వదిలేసి, కావాల్సినంతవరకే కత్తిరించారు. ఎవరైనా అంతేగా!

ముందు ఒకటి, వెనక ఒకటి

అన్నిటికన్నా పాతది మైసూరుపాకు చేసే విధానం. పసుపు దాటి గోధుమరంగుకి తిరిగింది కాగితం. మడత దగ్గర చిరిగింది. ఓ మూల నూనె మరక. తేదీ తెలిసేదెలా? కోడలు యథాలాపంగా వెనక్కి తిప్పింది. వెనక ‘మాయాబజార్’ సినిమా ప్రకటన, సగానికి తెగిపోయి కనిపించింది. అంటే 1957. ఆవిడ కాపురానికి వచ్చిన ఏడాదే!

‘సోలెడు శనగపిండి, తవ్వెడు పంచదార, తవ్వెడు నెయ్యి’... కొలతలు చదివి కోడలు ఆగిపోయింది. సోలంటే ఎంత? ఈ తరానికి తెలియకపోవడంలో వింతేం లేదు. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలైతే కుంచం. అంటే శనగపిండికి రెట్టింపు పంచదార, రెట్టింపు నెయ్యి. పెట్టెలో దొరికిన ఇత్తడి గిద్దలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

అసలు విశేషం కొలతల పక్కన ఉంది. పెన్సిల్‌తో, సన్నటి అక్షరాలతో... ‘నెయ్యి సోల చాలు.’

తవ్వకి బదులు సోల. అంటే సగానికి సగం!

ఆ ఇంట్లో మైసూరుపాకు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. మనవలు దాన్ని సుత్తితో కొట్టుకు తినాలని వేళాకోళం చేస్తారు. పెద్దవాళ్ళేమో ‘మా ఇంటి మైసూరుపాకు ఇంతే. గుల్లగా ఉంటే అది మిఠాయి కొట్టుది’ అని గొప్పగా చెప్పుకుంటారు. మూడు తరాలుగా ఇంటి ప్రత్యేకత అనుకున్నది నిజానికి నెయ్యి చాలకపోవడం!

‘‘నెయ్యి గిన్నె మా అత్తగారి గదిలో ఉండేది. తాళం చెవి ఆవిడ బొడ్లో ఉండేది. పండక్కి సోలెడు కొలిచి ఇచ్చేవారు. ఇంకో సోల అడిగే ధైర్యం ఎవరికుంది!’’ అని నవ్వారు పెద్దావిడ.

ఇలా వెనక్కి తిప్పి చూడటం అలవాటయ్యాక డబ్బా కొత్తగా కనబడటం మొదలుపెట్టింది. కటింగుకి ముందువైపు మనం దాచుకోవాలనుకున్నది ఉంటుంది. వెనకవైపు మనకు తెలియకుండా దాగిపోయింది ఉంటుంది. కట్‌లెట్ వెనక ఐ.ఆర్.8 వరి నాట్ల గురించి రైతులకు సలహాలు. 1967 నుంచి డెల్టాలో అడుగుపెట్టిన కొత్త వంగడం అది. ‘‘దిగుబడి బోలెడు. అన్నం మాత్రం చల్లారితే రాయే’’ అని పెద్దావిడ తీర్పు. అంతకు ముందు తిన్న అక్కుళ్ళు, కృష్ణకాటుకల రుచి వేరంటారు. పక్కనున్న బాపట్ల నుంచి సాంబమసూరి వచ్చేసరికి 1986. అప్పటికి ఆవిడకి 46 ఏళ్ళు.

టొమాటో కెచప్ కటింగొకటి ఉంది. ఆ ఇంట్లో కెచప్ ఎప్పుడూ చేయలేదు. మరెందుకు దాచినట్టు? వెనక తిప్పితే పదో తరగతి ఫలితాలు. చీమల్లాంటి అంకెల వరసల్లో ఒక్క నంబరు కింద పెన్సిల్ గీత. కోడలు ఆ నంబరు చదవబోయేలోగానే పెద్దావిడ పైకి చెప్పేశారు, ఒక్క అంకె కూడా తప్పు లేకుండా. పేపర్లవాణ్ణి పిలిచిన కొడుగ్గారి 1976 నాటి హాల్‌టికెట్ నంబరది! ఆయనకే గుర్తులేదు.

అణాకి ఆరు పైసలు

డబ్బాలో వంటలు కానివీ ఉన్నాయి. స్వెట్టరు అల్లిక నమూనాలు, కోరింత దగ్గుకి చిట్కాలు, ఓ పట్టిక. పట్టిక పైన ‘అణాలు’, ‘నయాపైసలు’ అని రెండు వరసలు. 1957 ఏప్రిల్ 1న కొత్త నాణేలు వచ్చాయి. అంతవరకూ రూపాయికి 16 అణాలు. ఆ తర్వాత నూరు నయాపైసలు. నూరుని పదహారుతో భాగిస్తే సరిగ్గా రాదు కదా! అందుకని అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19, పావలాకి 25 అని సర్దారు.

ఇందులో కిటుకుని మొదట పట్టుకున్నది చదువు రాని అత్తగారట. నాలుగణాల కూరలు ఒకేసారి కొంటే 25 పైసలివ్వాలి. అదే అణా చొప్పున నాలుగుసార్లు కొంటే 24 చాలు. ‘‘కూరలబ్బి బుట్ట దించగానే మా అత్తగారు అణా వంకాయలు తీసుకుని ఆరు పైసలిచ్చేవారు. మళ్ళీ పిలిచి అణా దొండకాయలు. వాడు మా వీధిలోకి రావడమే మానేశాడు!’’

పాత కటింగుల్లో ధరలు చూసి ‘అబ్బ, ఎంత చవకో’ అనుకోవడం మనకు సరదా. కాస్త జాగ్రత్తగా చదవాలి. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు కిలో నాలుగువందల గ్రాములు. శేరు దగ్గరే తంటా. కచ్చా శేరు 24 తులాలు, పక్కా శేరు 80 తులాలు. ఏ శేరో తెలియకుండా ధర చదివితే మూడింతలు తేడా వస్తుంది. హైదరాబాద్ రాష్ట్రంలో పెరిగినవాళ్ళ ఇళ్ళలో ఇలాంటి డబ్బా దొరికితే ఇంకో చిక్కు. నిజాం హాలీ సిక్కా వేరు, బ్రిటిష్ ఇండియా కల్దారు రూపాయి వేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. పైగా అక్కడ చదువు ఉర్దూలో సాగింది. తాతగారు దాచినవి ఉర్దూ కటింగులైతే మనవలకు అక్షరమే కొరుకుడు పడదు. తెలుగు పత్రిక లేదని కాదు, గోలకొండ పత్రిక 1926లోనే వచ్చింది.

తెలిసినదాన్ని ఎవరు కత్తిరిస్తారు?

ఇన్ని వంటలున్నాయి కదా, వీటిని వరసగా పేర్చితే ఆ ఇంటి భోజనం తెలిసిపోతుందనుకుంది కోడలు. తీరా పేర్చి చూస్తే... గుడ్డు లేని కేకు, కట్‌లెట్, జామ జెల్లీ, బాదం హల్వా, క్యాబేజీ పకోడీ. పప్పు లేదు. చారు లేదు. గోంగూర పచ్చడి లేదు. ఆవకాయ అసలే లేదు!

‘‘రోజూ ఇవే తినేవారా అత్తయ్యా?’’

‘‘రోజూ తినేదానికి పేపరెందుకు అమ్మాయ్?’’

నిజమే. వచ్చిన వంటని ఎవరూ కత్తిరించి దాచుకోరు. రానిదాన్నే, చేయాలని ఆశ ఉన్నదాన్నే దాచుకుంటారు. కాబట్టి ఆ డబ్బాలో ఉన్నది వాళ్ళు తిన్న తిండి కాదు, తినాలనుకున్న తిండి. పాత పత్రికల వంటల పేజీలు చూసి ‘మన పూర్వులు ఇలా తినేవారు’ అని రాసేసేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతుంటారు.

ఆ ఆశకి దారి చూపినవాళ్ళు లేకపోలేదు. మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్.కేసరి 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక మొదలుపెట్టారు. 1952లో వచ్చిన ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ శీర్షికని నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. వంట ఒక్కటే కాదు, పాఠకుల ఉత్తరాలకు జవాబులు, లోకజ్ఞానం... అన్నీ అందులోనే. పెద్దావిడ డబ్బాలో ఆ కాలమ్ ముక్కలు చాలానే ఉన్నాయి. ‘‘మేష్టారు పేపరు తెచ్చేవారు గానీ, వారపత్రిక మాత్రం పక్కింటివాళ్ళది. వాళ్ళకి చెప్పే కత్తిరించేదాన్ని. కొన్ని చెప్పకుండా కూడా!’’

కేకు కటింగు మీద మసి మరకలున్నాయి. అది మాత్రం నిజంగా చేశారట. ఓవెన్ ఎక్కడిది? కుంపటి మీద మందపాటి గిన్నె పెట్టి, అందులో ఇసుక పోసి వేడెక్కించి, పిండి కలిపిన డబ్బాని ఇసుకలో కూర్చోబెట్టేవారు. పైన మూత, మూత మీద నాలుగు నిప్పులు. కింద మాడి, మధ్యలో పచ్చిగా, పైన మాత్రం చక్కగా వచ్చిందట. పిల్లలు మాడుని కూడా వదల్లేదు.

మరి రోజూ తిన్నదేమిటి? అడిగితే వచ్చిన జవాబు ఏ కాగితం మీదా లేదు. పిల్లలకు పొద్దున్నే చద్దన్నం, మజ్జిగ, ఊరగాయ ముక్క. కాఫీ మగవాళ్ళకి మాత్రమే. ఆడవాళ్ళకి ఫిల్టరులో రెండోసారి నీళ్ళు పోసి దించిన పలచటి డికాషన్. ఇడ్లీ, దోసె అంటే చుట్టాలొచ్చారని గుర్తు. మధ్యాహ్నం పప్పో పులుసో ఒకటే, రెండూ ఉండవు. గంజి పారబోసేవారు కాదు, ఉప్పేసుకుని తాగేవారు. పొయ్యి ఊకతో, పిడకలతో. కిరసనాయిలు స్టవ్ చాన్నాళ్ళకి వచ్చింది. డాల్డా పసుపు డబ్బా ఖాళీ అయితే దానికోసం ఇద్దరు ముగ్గురు పోటీ. చింతపండుకి ఒకరు, తులసి మొక్కకి ఒకరు.

ఇదంతా వరి పండే డెల్టాలో, జీతమొచ్చే మేష్టారింట్లో మాట. రాయలసీమలో రాగి సంగటి, తెలంగాణ పల్లెల్లో జొన్నరొట్టె, గట్క, అంబలి తిని బతికిన ఇళ్ళలో తెల్లన్నమే పండగ. ఆ ఇళ్ళకి పేపరు రాలేదు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళలో చాలామందికి చదువు రానివ్వలేదు. అక్కడ కత్తిరించి దాచిన డబ్బాలు వెతికినా దొరకవు. అక్కడి సంగతులు తెలియాలంటే మనిషిని కూర్చోబెట్టి అడగడం ఒక్కటే దారి.

సోమవారం

కట్టలో మూడు కాగితాలు పెద్దావిడవి కావు. వాళ్ళ అత్తగారివి. మామగారి చేత చదివించుకుని దాచినవి. మూడూ రేషన్ ప్రకటనలే. 1942లో బర్మా జపాను చేతికి చిక్కాక అక్కణ్ణుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చే బియ్యం ఆగిపోయింది. తర్వాత రేషన్లు, నియంత్రణలు. అవి ఎత్తేసింది 1952 జూన్‌లో, రాజాజీ ముఖ్యమంత్రిగా ఉండగా. అంటే ఆ అత్తగారు పిల్లల్ని పెంచిందంతా కొలిచి పెట్టే రోజుల్లోనే. నెయ్యి గిన్నెకి తాళం ఎందుకు పడిందో ఈ మూడు కాగితాలు చెబుతాయి. ‘‘నాకప్పుడు కోపంగా ఉండేది. పిసినారి అనుకునేదాన్ని’’ అని, పెద్దావిడ కాసేపు ఊరుకున్నారు.

ఆ తర్వాత తీసిన కటింగు ‘బియ్యం లేని ఫలహారాలు’. గోధుమ రవ్వతో, జొన్నపిండితో చేసుకునేవి నాలుగు. కటింగు పైన పెన్సిల్‌తో ‘సోమవారం’ అని రాసుంది.

1965. ఓ పక్క పాకిస్తాన్‌తో యుద్ధం. ఇంకో పక్క వానల్లేవు. ఆ ఏడాదీ మరుసటేడూ దేశమంతా తిండిగింజలకు కటకట. అమెరికా నుంచి పి.ఎల్.480 గోధుమలు ఓడల్లో దిగుతున్నాయి. వారానికి ఒక్కపూట, సోమవారం రాత్రి భోజనం మానమని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ప్రజలను కోరారు. ముందు తన ఇంట్లో అమలు చేశాకే అడిగారాయన. హోటళ్ళు కూడా సోమవారం సాయంత్రాలు మూసేశారు.

‘‘అమ్మ సోమవారాలుండేది, నాకు గుర్తుంది’’ అన్నారు కొడుకు. ‘‘శివుడికని ఉపవాసం. చాలా ఏళ్ళు చేసింది.’’

‘‘శివుడికెవరు చెప్పార్రా?’’ అన్నారు పెద్దావిడ.

కోడలు చదవడం ఆపేసింది.

‘‘ఇంట్లో తొమ్మిది మందిమి. మీ నాన్నగారి జీతం ఇరవయ్యో తారీకుకే అయిపోయేది. శాస్త్రిగారు సోమవారం ఒక్కపూటే మానమన్నారు. అదొకటి దొరికింది నాకు. ఆయన పేరు చెప్పి మానేస్తే ఎవరూ అడగరు కదా. ఆయన పోయాక శివుడి పేరు చెప్పాను. గురువారం బాబాగారు, శనివారం వెంకటేశ్వరస్వామి... నెలాఖరొస్తే దేవుళ్ళకేం కొదవ!’’

చెప్పి మామూలుగానే నవ్వారు. కొడుకు మాత్రం నవ్వలేదు. లేచి వాకిట్లోకి వెళ్ళారు. అక్కడ తాళ్ళతో కట్టి ఉంచిన ఇంకో రెండు పాత పుస్తకాల కట్టల్ని లోపలికి తెచ్చి, తాళ్ళు విప్పారు.

డబ్బా దొరికితే...

మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఉండే ఉంటుంది. అది దొరికితే ముందు చేయకూడని పని లామినేషన్. న్యూస్‌ప్రింట్‌ని చెక్క గుజ్జుతో చేస్తారు. వెలుతురు, గాలి తగిలేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. ప్లాస్టిక్‌లో అతికించేస్తే ఆ కాగితాన్ని మళ్ళీ విడదీయలేం. సెలోటేపు కూడా వద్దు. జిగురు కొన్నాళ్ళకి గోధుమరంగు మరకై అక్షరాల్నే మింగేస్తుంది. ఆల్బంలో బంకపెట్టి అతికిస్తే వెనకవైపు శాశ్వతంగా పోయినట్టే. సగం సంగతులు అక్కడే ఉంటాయని చూశాం కదా!

మడతలు బలవంతంగా విప్పొద్దు. నీడలో, కిటికీ వెలుతుర్లో పరిచి ఫోనుతో రెండువైపులా ఫొటోలు తీయండి. ఫ్లాష్ అక్కర్లేదు. అంచుల మీది పెన్సిల్ రాతలు కూడా పడేలా చూడండి. తర్వాత ఒక్కొక్కదాన్నీ తెల్లకాగితాల మధ్య పెట్టి, పొడిగా ఉండే పెట్టెలో బల్లపరుపుగా ఉంచండి. వివరాలు రాయాల్సివస్తే కటింగు మీద కాదు, మధ్యనున్న తెల్లకాగితం మీద, పెన్సిల్‌తో.

తేదీ తెలియకపోతే వెనకవైపే ఆధారం. సినిమా ప్రకటన, ఎన్నికల వార్త, నయాపైసల్లో ధర... ఏదో ఒకటి పట్టిస్తుంది. 1964లో ‘నయా’ పోయి వట్టి ‘పైసలు’ మిగిలాయి. కాబట్టి ధర నయాపైసల్లో ఉంటే 1957కీ 1964కీ మధ్యదని దాదాపు చెప్పేయొచ్చు. పూర్తి పేజీ చూడాలనిపిస్తే వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాలున్నాయి. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయం పాత పత్రికలకు పెట్టింది పేరు.

ఫొటోలు తీయడం రేపైనా కుదురుతుంది. కటింగు చదివి వినిపించి, ‘ఇదెందుకు దాచావు?’ అని అడగడం మాత్రం ఆ దాచిన మనిషి ఉండగానే కుదురుతుంది. అంచుమీద రాసిన ‘సోమవారం’ని ఫొటోలో చూసిన మనవడు అదేదో వారపత్రిక వచ్చే రోజనుకుంటాడు.

తెనాలి డబ్బా లారీ ఎక్కలేదు. కార్లో, పెద్దావిడ ఒళ్ళోనే విజయవాడ వచ్చింది. ఇంకా యాభై దాకా చదవాల్సినవి ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం కాఫీ అయ్యాక రెండో మూడో తీస్తారు. కొడుకు కూడా వచ్చి కూర్చుంటున్నారు. దసరాకి కోడలు మైసూరుపాకు చేసింది. పేపర్లో ఉన్నట్టే, తవ్వెడు నెయ్యి పోసి. నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. పెద్దావిడ ఒక ముక్క తిని, రెండోది అడిగి తీసుకున్నారు. మనవలు మాత్రం ‘ఇది మనింటి మైసూరుపాకు కాద’ని పేచీ. దీపావళికి సోలతో చేయాలట!